షట్‌డౌన్ ముందు కొత్త ఇన్‌ఛార్జ్: ఈ లీడర్‌షిప్ థియరీల్లో పనికొచ్చేది ఏది?

పరవాడ_మెకానికల్

విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో మెకానికల్ మెయింటెనెన్స్‌కి కొత్తగా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని. చేతి కింద పదహారు మంది: నలుగురు సీనియర్ ఫిట్టర్లు, ఇద్దరు వెల్డర్లు, ఒక రిగ్గర్, ముగ్గురు డిప్లొమా ట్రైనీలు, ఆరుగురు కాంట్రాక్ట్ హెల్పర్లు. వచ్చే నెల పది రోజుల షట్‌డౌన్, అంటే ప్లాంటు ఆపి రిపేర్లు చేసే సమయం.

హెచ్ఆర్ వాళ్లు ఒక ట్రైనింగ్ పీడీఎఫ్ ఇచ్చారు. అందులో ట్రెయిట్, బిహేవియరల్, ఫీడ్లర్, సిచ్యుయేషనల్, ట్రాన్స్‌ఫర్మేషనల్, సర్వెంట్ అని ఆరు థియరీలు. విడివిడిగా చదివితే ప్రతిదీ నిజమే అనిపిస్తోంది. కలిపి చూస్తే ఒకదానికొకటి పొసగడం లేదు. ఒకటి ఎదుటివాణ్ని బట్టి నువ్వు మారు అంటుంది, ఇంకోటి నువ్వు మారవు అంటుంది. షట్‌డౌన్ లోపు పనికొచ్చేది ఏది, పక్కన పడేయాల్సింది ఏది? ఎంబీఏ పరీక్షలో రాసే ఆన్సర్ వద్దు. ఫ్లోర్ మీద ఏం చేయాలో చెప్పండి.

మద్దిలపాలెం_మాస్టారు

ముందు పక్కన పెట్టాల్సినవి చెబుతాను, బరువు తగ్గుతుంది.

ట్రెయిట్ థియరీ: నాయకుడికి కొన్ని గుణాలు ఉండి తీరాలి అనే వాదం. రాల్ఫ్ స్టాగ్‌డిల్ 1948లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని, ఒక చోట నాయకుడైనవాడు ఇంకో చోట కూడా నాయకుడవుతాడని చెప్పగలిగే గుణాల చిట్టా ఏదీ లేదని తేల్చాడు. అంతటితో ఆ వాదం చచ్చిపోలేదు. 2002లో టిమొతీ జడ్జ్ బృందం పాత స్టడీలన్నీ కలిపి లెక్కేస్తే ఎక్స్‌ట్రావర్షన్‌కి, అంటే నలుగురిలో చొరవగా కలిసిపోయే గుణానికి, నాయకత్వంతో కోరిలేషన్ (రెండూ ఎంత కలిసి నడుస్తాయన్న కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.31 వచ్చింది. పని మీద నిష్ఠకి 0.28. ఆ 0.31ని వర్గం చేయండి, నాయకత్వంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో పదో వంతు కూడా నిండదు. మిగతాదంతా ఇంకెక్కడో ఉంది. పైగా చొరవ ఎక్కువగా కలిసొచ్చేది "వీడు లీడర్‌లా ఉన్నాడ్రా" అనిపించుకోవడంలో. పని బాగా నడిపించడంలో దాని బలం అంతకంటే తక్కువ. గొంతు పెద్దదని ఒకణ్ని ఛార్జ్‌హ్యాండ్‌ని (జట్టు పెద్దని) చేస్తే బెడిసికొట్టేది ఇందుకే.

ట్రాన్స్‌ఫర్మేషనల్, అంటే పెద్ద లక్ష్యం చూపించి మనుషుల్నే మార్చే నాయకత్వం: బర్న్స్ 1978లో మొదలుపెట్టాడు, బాస్ 1985లో కొలవడానికి వీలుగా మలిచాడు. ఇది నెలలు, ఏళ్ల మీద పండే వ్యవహారం. పది రోజుల షట్‌డౌన్‌కి అందులోంచి ఒక్క ముక్క తీసుకోండి: ప్రతి మనిషినీ విడిగా చూడటం. మిగతాది నోటీసు బోర్డు పోస్టర్‌కి వదిలేయండి. సర్వెంట్ లీడర్‌షిప్ అంటే మీ స్థాయిలో గ్యాస్కెట్లు, స్లింగులు, మంచినీళ్లు సమయానికి జాబ్ దగ్గరకి చేరేలా చూడటం. అంతకు మించి వేదాంతం అక్కర్లేదు.

ఇక పనికొచ్చేది సిచ్యుయేషనల్. హెర్సీ, బ్లాంచర్డ్, 1969. ఎదుటివాడు ఎంత చేయగలడు, ఎంత మనసు పెడతాడు అన్నదాన్ని నాలుగు లెవెళ్లుగా చూసి, నడిపే తీరు మార్చుకోమంటుంది. దీన్ని చాలామంది పాడుచేసే తీరు ఒకటే, మనిషికో నంబర్ తగిలించేస్తారు. "ఫలానా ఆయన సీనియర్, నాలుగో లెవెల్, వదిలేయ్" అని. నంబర్ మనిషికి కాదు, పనికి. ఇరవై ఏళ్లుగా గ్లాండ్ ప్యాకింగ్ కళ్లు మూసుకుని చేసే ఫిట్టర్ లేజర్ అలైన్‌మెంట్ కిట్ ముందు ట్రైనీతో సమానమే.

ఒక ఏ3 కాగితం తీసుకోండి. నిలువుగా పేర్లు, అడ్డంగా షట్‌డౌన్‌లో నిజంగా ఉన్న పనులు: పంపు సీల్ మార్పు, కప్లింగ్ అలైన్‌మెంట్, రియాక్టర్ మ్యాన్‌హోల్ గ్యాస్కెట్, లైన్‌కి బ్లైండ్ (దారి మూసే పలక) వేయడం, వెసెల్ ఎంట్రీకి స్టాండ్‌బై (ట్యాంకు లోపలికి దిగినవాడికి బయట కాపలా). ప్రతి గడిలో రెండు విషయాలు రాయాలి. చేయగలడా? మనసు పెట్టి చేస్తాడా? మొదటిది అడిగి నింపొద్దు. అడిగితే మన దగ్గర "రాదు" అనేవాడు ఉండడు. చేస్తుండగా చూసి నింపండి. కుదరకపోతే ఆయన చేసిన జాబ్ మళ్లీ ఎన్నాళ్లకి లీకైందో లాగ్‌బుక్‌లో చూడండి.

చేయలేనివాడికి ఆదేశం ఇవ్వాలి. "జాగ్రత్తగా బిగించు" అన్నది ఆదేశం కాదు, దీవెన. ఆదేశం ఇలా ఉంటుంది: "ఎదురెదురు బోల్టులు బిగించు. మొదటి రౌండు చెప్పిన టార్క్‌లో 30 శాతం, రెండో రౌండు 60, మూడోది 100, ఆఖర్న వరసగా చుట్టూ ఒక రౌండు. రెండో రౌండు అవగానే నన్ను పిలువు." గ్లాస్ లైన్డ్ రియాక్టరైతే పైపు పెట్టి రెంచి లాగొద్దని కూడా విడిగా చెప్పాలి. అతిగా బిగిస్తే లోపలి గాజు పూత పగులుతుంది, అది షట్‌డౌన్‌లో బాగయ్యేది కాదు.

చేయగలిగి, మనసు పెట్టేవాడికి ఇదంతా చెబితే అవమానం. ఆయనకి మూడే ముక్కలు: ఏ పంపు, ఎప్పటికి ట్రయల్‌కి కావాలి, ఏం కనిపిస్తే ఆపి చెప్పాలి.

చేయగలడు కానీ ముడుచుకుని ఉన్నాడంటే, అక్కడ చెప్పడం ఆపి అడగడం మొదలుపెట్టాలి. ఈ గడి దగ్గరే కొత్త ఇన్‌ఛార్జ్‌లు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. ఇష్టం లేక మెల్లగా చేస్తున్నవాణ్ని పని రాక మెల్లగా చేస్తున్నాడనుకుని పాఠం మొదలుపెడతారు. ఆయన ఇంకా బిగుసుకుంటాడు.

షీలానగర్_ప్లానింగ్

మాస్టారూ, కాగితం బాగుంది. కానీ ఆ నాలుగు లెవెళ్ల లెక్క అంత గట్టిదేం కాదు. వెకియో 1987లో హైస్కూలు టీచర్ల మీద పరీక్షిస్తే, కొత్తవాళ్లకి గట్టిగా దారి చూపాలన్న ముక్క నిలబడింది. అనుభవం ఉన్నవాళ్ల దగ్గరకి వచ్చేసరికి థియరీ చెప్పినట్టు ఫలితాలు రాలేదు. కాబట్టి ట్రైనీల గడులు నమ్మండి, సీనియర్ల గడులు మీ అంచనాగా మాత్రమే చూడండి.

ప్రశ్నలో ఉన్న అసలు మెలిక ఫీడ్లర్ (1967) దగ్గర ఉంది. మనిషి స్టైల్ అంత తేలిగ్గా మారదు, కాబట్టి పరిస్థితిని మార్చుకో అన్నాడాయన. దానికి ఎల్‌పీసీ అని ఒక స్కేలు ఉంటుంది. ఇప్పటిదాకా ఎవరితో కలిసి పనిచేయడం మీకు అన్నిటికన్నా కష్టమైందో ఆ మనిషిని తలచుకుని, స్నేహంగా ఉంటాడా లేదా లాంటి జంట మాటల మధ్య 1 నుంచి 8 దాకా మార్కులేయాలి. అంత పడనివాడికి కూడా మంచి మార్కులు వేస్తే మీరు సంబంధాల మనిషి, తక్కువ వేస్తే పని మనిషి. ఆ స్కేలు అసలు ఏం కొలుస్తోందన్న దాని మీద ఈనాటికీ తగువే. నన్నడిగితే దాన్ని వదిలేయండి. దాని పక్కనున్న మూడు మీటలు మాత్రం తీసుకోండి: జట్టుతో సంబంధం బాగుందా, పని స్పష్టంగా ఉందా, మీ చేతిలో అధికారం ఎంత.

మీ పరిస్థితిలో పెట్టి చూద్దాం. అధికారం తక్కువ. హెల్పర్ల జీతం కాంట్రాక్టర్ ఇస్తాడు, సీనియర్ల ఇంక్రిమెంట్ మేనేజర్ రాస్తాడు. సీనియర్లతో సంబంధం బాగుండి, షట్‌డౌన్ పని గజిబిజిగా ఉంటే, ఫీడ్లర్ లెక్కలో సంబంధాల మనిషే నెగ్గుతాడు. అదే సంబంధం బాగుండి పని స్పష్టంగా ఉంటే, అధికారం తక్కువైనా నేరుగా పని మాట్లాడే మనిషి నెగ్గుతాడు. ఈ రెండిటి మధ్య తేడా మీ నెత్తిన ఎవరో పెట్టింది కాదు, మీరు రాసుకునే స్కోప్ షీటు. అధికారం మీకు ఎవరూ నెల లోపు ఇవ్వరు, సంబంధాలకి టైం పడుతుంది. చవగ్గా, త్వరగా తిప్పగలిగే మీట పని స్పష్టత ఒక్కటే.

స్కోప్ షీటులో ఒక్కో జాబ్‌కి ఒక వరస: ఎక్విప్‌మెంట్ ట్యాగ్, చేయాల్సిన పని ఒక్క వాక్యంలో, ముందు అవ్వాల్సిన జాబ్, కావాల్సిన స్పేర్లు (స్టోర్స్‌లో కంటితో చూసి టిక్ పెట్టాలి, కంప్యూటర్ స్టాక్ నమ్మొద్దు), పర్మిట్ రకం, క్రేన్ కానీ చైన్ పుల్లీ కానీ కావాలా, ఎక్కడ ఆగి ఇన్‌స్పెక్షన్‌కి పిలవాలి, ఎవరు, ఎన్ని గంటలు. "పంపు ఓవరాలింగ్" అని రాసి వదిలేస్తే అది స్కోప్ కాదు. ఇంపెల్లర్, వేర్ రింగు, బేరింగులు, సీల్: ఏవి కచ్చితంగా మార్చాలి, ఏవి విప్పి చూశాక తేల్చాలి, విడిగా ఉండాలి. చూశాక తేల్చేవాటికి స్పేరు ముందే తెచ్చి పెట్టకపోతే నాలుగో రోజు నుంచి మీ లీడర్‌షిప్ అంతా స్టోర్స్ కౌంటర్ దగ్గరే ఖర్చవుతుంది.

సి_షిఫ్ట్

ఇంత రాశారు గానీ ఒక థియరీ ఎవరూ ఎత్తలేదు గురూ. కెర్, జెర్మియర్, 1978. లీడర్‌కి బదులుగా పనిచేసేవి ఉంటాయన్నారు: మనిషి నైపుణ్యం, రాసిపెట్టిన పద్ధతి, తన ఫలితాన్ని తానే చూపించే పని. అవి ఉన్నచోట లీడర్ ఇంకా దూరితే లాభం ఏమీ రాదు, చిరాకు వస్తుంది. పర్మిట్ (పని మొదలుపెట్టడానికి రాతపూర్వక అనుమతి), లాక్ అవుట్ (కరెంటు ఆపి తాళం వేయడం), చెక్‌లిస్టు మీ బదులు మాట్లాడతాయి. వాటిని బాగు చేయండి, మీ ఉపన్యాసం తగ్గుతుంది.

బాగు చేయడం అంటే: ప్రతి ఫిట్టర్‌కీ తన పేరున్న తాళం, ఒక్కటే తాళంచెవి, అది తన జేబులో. ఒక బ్రేకర్ మీద ముగ్గురు పనిచేస్తుంటే హ్యాస్ప్ (చాలా తాళాలు పట్టే కొక్కెం) వేసి మూడు తాళాలు. ఇన్‌ఛార్జ్ ఒక్కడే తాళం వేసి "నేనున్నాగా" అనడం లీడర్‌షిప్ కాదు. ఆయన టీకి వెళ్లినప్పుడు ఎవడో తీయమంటాడు.

మీరు మంచి లీడరో కాదో తెలుసుకోవడానికి 1939 నాటి పరీక్షే చాలు. లెవిన్, లిపిట్, వైట్ కలిసి అమెరికాలో పదేళ్ల పిల్లల క్లబ్బులు పెట్టి మాస్కులూ అవీ చేయించారు. హుకుం చేసే పెద్దమనిషి గదిలో ఉన్నంతసేపూ పని బ్రహ్మాండం, బయటికెళ్తే పడిపోయింది. కలిసి తేల్చుకున్న గుంపులో ఆయన వెళ్లినా పని సాగింది. వాళ్లు పిల్లలు, అది సరదా క్లబ్బు, మనది సాల్వెంట్ లైను, ఒప్పుకుంటాను. అయినా పరీక్ష పనికొస్తుంది. చెప్పకుండా రాత్రి రెండింటికి పది నిమిషాలు దూరంగా నిలబడి చూడండి. వెసెల్ ఎంట్రీ దగ్గర స్టాండ్‌బై మనిషి మ్యాన్‌హోల్ దగ్గరే ఉన్నాడా, ఎంట్రీ రిజిస్టర్‌లో పేర్లకీ లోపలున్న తలలకీ లెక్క సరిపోతోందా.

ఎంవీపీ_హెచ్ఆర్

అమెరికా పేర్ల మధ్య మన దేశపు మాట కూడా ఒకటి పెట్టాలి. జె.బి.పి. సిన్హా 1980లో నర్చరంట్ టాస్క్ లీడర్ అని ఒక నమూనా ఇచ్చారు. మన పనిచోట్లలో కింద ఉన్నవాళ్లు పైవాణ్ని ఇంటి పెద్దలా చూస్తారు. పాప ఫీజు కట్టావా, అమ్మకి కేజీహెచ్ ఆస్పత్రిలో చూపించావా అని అడగాలనుకుంటారు. అది బలహీనత కాదు, ఇక్కడ పని నడిచే దారి అది. కానీ సిన్హా చెప్పినదాంట్లో సగం చదివి ఆగిపోకూడదు. ఆ ఆప్యాయత పనికి ముడిపడి ఉండాలి. పని చేసినవాడికి అండ, చేయనివాడికి ముందు పని. మనిషి నిలదొక్కుకునే కొద్దీ చెప్పడం తగ్గించి, కలిపి తేల్చుకోవడంలోకి తీసుకెళ్లాలి. పని లేని ఆప్యాయతకి బ్లేక్, మౌటన్ గ్రిడ్‌లో (1964) 1,9 అని, అంటే పని మీద శ్రద్ధకి 1, మనుషుల మీద శ్రద్ధకి 9 అని, ఒక గడి ఉంది. అందరూ సంతోషంగా ఉంటారు, పంపు మాత్రం కారుతూ ఉంటుంది.

మాస్టారు పై మాటలో బిహేవియరల్, అంటే నాయకుడి గుణాల్ని కాక ప్రవర్తనని చూసే వాదం, వదిలేశారు. అది వదిలేయదగింది కాదు. 2004లో జడ్జ్ బృందమే ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ల రెండు ప్రవర్తన కొలతల మీద స్టడీలన్నీ కలిపి చూసింది. మనుషుల్ని పట్టించుకోవడానికి 0.48, పనికి చట్రం కట్టడానికి 0.29. మనుషుల్ని పట్టించుకోవడం బలం ఏ గుణం కంటే అయినా ఎక్కువ కనిపిస్తోంది కదా. ప్రవర్తన నేర్చుకోవచ్చు కూడా.

ఇందులో ప్రమాదం ఎక్కడంటే పక్షపాతం. లీడర్ తెలియకుండానే కొందర్ని లోపలి గుంపు, కొందర్ని బయటి గుంపు చేస్తాడని డాన్సెరో, గ్రేన్, హాగా 1975లోనే చూపించారు. మన దగ్గర లోపలి గుంపు ఊరు, కులం, యూనియన్, బస్సు రూటు వెంట ఏర్పడుతుంది. "నేనలా చేయను" అనుకోవడం రుజువు కాదు. గడచిన మూడు నెలల ఓటీ (ఓవర్‌టైం) రిజిస్టరు తీసి పేరుపేరునా గంటలు కూడండి. తర్వాత మురికి పనులు, అంటే ఎఫ్లుయెంట్ పంపులు, సంప్ క్లీనింగ్, ఎవరికి ఎన్నిసార్లు పడ్డాయో లెక్కేయండి. ఓటీ పై వరసలోనూ, మురికి పని కింది వరసలోనూ అవే పేర్లు కనిపిస్తే, మీరేం చెప్పినా బయటి గుంపు వినదు.

పరవాడ_మెకానికల్

అందరికీ థాంక్స్. ఇంకో రెండు. ఒకటి, సీనియర్ ఫిట్టర్లు ట్రైనీల ముందే "ఇవన్నీ మేం చూసేశాం సార్" అంటారు. ప్రతిదీ వాళ్లని అడిగి చేయాలా? రెండు, ఎమర్జెన్సీ వస్తే ఎవర్నీ అడిగే టైం ఉండదు కదా, అప్పుడు ఏ థియరీ?

ఉక్కునగరం_రిటైర్డ్

మొదటిదానికి వ్రూమ్, యెట్టన్, 1973. ఎప్పుడు అడగాలి, ఎప్పుడు అడగక్కర్లేదు అన్నదొక్కటే వాళ్ల ప్రశ్న. ఐదు మెట్లు పెట్టారు: మీరే తేల్చేయడం, వివరం కనుక్కుని మీరే తేల్చడం, ఒక్కొక్కరినీ విడిగా సలహా అడిగి మీరు తేల్చడం, అందర్నీ కూర్చోబెట్టి అడిగి మీరు తేల్చడం, అందరూ కలిసి తేల్చింది మీరు ఒప్పుకోవడం. ఏ మెట్టో తెలియాలంటే చూడాల్సినవి ముఖ్యంగా మూడు. తప్పు నిర్ణయమైతే నష్టం ఉందా? కావాల్సిన సమాచారం మీ దగ్గరుందా? వాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే పని ఆగుతుందా?

బ్లైండ్ లిస్టు: తప్పైతే ప్రాణం పోతుంది, సమాచారం డ్రాయింగులో ఉంది. ఓటింగు లేదు. లైను వెంట నడిచి, ప్రొడక్షన్ వాళ్లతో సరిచూసి, మీరే తేల్చండి. పాత పంపు విప్పే వరస: సమాచారం సీనియర్ దగ్గరుంది. ఆయన్ని విడిగా అడగండి, ట్రైనీల ముందు కాదు. "చూసేశాం సార్" అనేవాడి నోరు సగం అక్కడే మెత్తబడుతుంది. అడిగింది వాడితే, మర్నాడు టూల్‌బాక్స్ టాక్‌లో (పని ముందు జట్టుతో జరిగే చిన్న భద్రతా సమావేశం) "ఈ వరస ఫలానావారు చెప్పారు" అని పేరు పెట్టి చెప్పండి. వాడకపోతే ఎందుకు వాడలేదో విడిగా చెప్పండి. ఇక ఓటీ, భోజనం టైమింగులు, ఆదివారం ఎవరు రావాలి: ఎలా తేల్చినా షట్‌డౌన్‌కి నష్టం లేదు, వాళ్లు ఒప్పుకోకపోతే మాత్రం తలనొప్పి. ఎన్ని చేతులు కావాలో చెప్పి వాళ్లకే వదిలేయండి. అన్నిటికన్నా చెడ్డది ఆరో మెట్టు, పుస్తకంలో లేనిది: ముందే తేల్చేసుకుని వచ్చి "మీరేమంటారు" అని అడగడం. సీనియర్లు దాన్ని ఒక్క మీటింగులో పసిగడతారు. ఆ తర్వాత నిజంగా అడిగినా నోరు విప్పరు.

రెండోది. ఎమర్జెన్సీలో హుకుమే. కానీ హుకుం చెల్లాలంటే కిందివాడి గొంతు ముందే తెరిచి ఉండాలి. 1978 డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం లాండింగ్ గేర్ సమస్య చూసుకుంటూ గాల్లోనే తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పది మంది పోయారు. ఫ్యూయెల్ తగ్గుతోందన్న మాట కాక్‌పిట్‌లో వచ్చింది, కెప్టెన్‌ని ఆపేంత గట్టిగా రాలేదు. మరుసటి ఏడాది నాసా వర్క్‌షాప్ నుంచి మొదలై, కెప్టెన్ వినడం, కింది సిబ్బంది గట్టిగా చెప్పడం రెండూ పైలట్ శిక్షణలో భాగమయ్యాయి.

ఫ్లోర్ మీద దాన్ని ఇలా పెట్టండి. చెప్పేవాడు మూడు ముక్కల్లో చెప్పాలి: పిలుపు, కనిపిస్తున్నది, చేయమంటున్నది. "సార్, ఫ్లాంజి దగ్గర వాసన వస్తోంది, గ్రైండింగ్ ఆపుదాం." వినకపోతే రెండోసారి అదే మాట గట్టిగా. అప్పటికీ వినకపోతే తనే ఆపి దూరంగా వచ్చేయాలి, దానికి తిట్టు ఉండదు. అలారం తప్పుదని తేలినా ఆపినవాణ్ని అందరి ముందూ ఒక్క మాట అనొద్దు. ఒక్కసారి అంటే చాలు, మళ్లీ ఎవడూ ఆపడు. ఎవరు దేన్ని ఆపొచ్చు అన్నది షట్‌డౌన్ మొదటి రోజే కాగితం మీద ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ లేదు, ఫోన్లూ పలకలేదు. "సార్‌కి ఫోన్ చేసి అడుగుతాను" అన్న పద్ధతి మీద నడిచే జట్టు అలాంటి రోజు ఉన్నచోటే నిలబడిపోతుంది.

షీలానగర్_ప్లానింగ్

పై మాటకి చిన్న సవరణ. ఓటీ జట్టుకే వదిలేయండి కానీ ఒక హద్దు పెట్టి వదలండి. రోజుకి ఎన్ని గంటలు దాటకూడదో, వరసగా ఎన్ని రోజులు రాకూడదో హెచ్ఆర్‌తో మాట్లాడి ముందే చెప్పండి. లేకపోతే డబ్బు కోసం ఒకే నలుగురు రాత్రీ పగలూ ఉంటారు. ఏడో రోజు స్పానర్ జారేది వాళ్ల చేతిలోంచే.

ఎంవీపీ_హెచ్ఆర్

హెల్పర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరుగురు కాంట్రాక్ట్ మనుషులకి రోజువారీ పని నేరుగా మీరే పురమాయించొద్దు, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ ద్వారా చెప్పండి. ఆజమాయిషీ ఎవరిది అన్నది కాంట్రాక్ట్ లేబర్ వివాదాల్లో చూసే విషయాల్లో ఒకటి. అందుకే ఆయన్ని కూడా ఉదయం టూల్‌బాక్స్ టాక్‌లో మీ పక్కనే నిలబెట్టండి. పది నిమిషాలు మించొద్దు: ఈ రోజు జాబులు, ఒక్కో జాబ్‌లో ప్రమాదం ఏది, ఎవరి పక్కన ఎవరు. చివర్లో "అర్థమైందా" అని అడిగితే అందరూ ఊ అంటారు. ఒక హెల్పర్‌ని పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ పని ఏంటో, ఏం కనిపిస్తే ఆపుతావో నువ్వే చెప్పు అనండి. చెప్పలేకపోతే ఆయన్ని ఏమీ అనొద్దు, ఆ ముక్క మళ్లీ చెప్పి ఇంకొకర్ని అడగండి. ఒడియా, హిందీ మాట్లాడే హెల్పర్లు ఉంటే ఆ భాష వచ్చినవాణ్ని వాళ్లతో జత కలపడం ముందురోజు సాయంత్రమే తేల్చుకోండి, పొద్దున్న గేటు దగ్గర కాదు.